నడక కన్నా ముందు: వెన్నుపాము గాయాల పరిశోధనలో నా శిక్షణ

వెన్నుపాము దెబ్బతిన్న ఎలుకను మళ్లీ నడిపించాలన్న ఆశతో నేను ఈ రంగంలోకి వచ్చాను. ఇప్పుడు నా థీసిస్ మూత్రాశయం మీద. ఈ మార్పు ఎలా జరిగిందో రాయాలని ఎప్పటినుంచో ఉంది. న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ అనగానే మనవాళ్లకు మెదడు స్కానింగులు, జ్ఞాపకశక్తి, కంప్యూటర్ మోడళ్లు గుర్తొస్తాయి. వెన్నుపాము ల్యాబ్‌లో రోజూ జరిగే పని వేరు. అందులో సైన్సు ఎంత ఉందో సేవ కూడా అంతే ఉంది. ఆ రెండో సగం గురించి చేరేముందు నాకు ఎవరూ చెప్పలేదు.

మాది నల్లగొండ జిల్లా. హైదరాబాద్‌లో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి, పీహెచ్‌డీకి అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి వచ్చాను. ఈ రంగంలో ఒహాయోకు గట్టి పేరుంది. ఎలుకల నడకకు మార్కులు వేసే బీబీబీ స్కేలును బాసో, బీటీ, బ్రెస్నహాన్ అనే ముగ్గురు కొలంబస్‌లోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో తయారుచేసి 1995లో ప్రచురించారు. చాలా దేశాల ల్యాబుల్లో ఈనాటికీ అదే వాడతారు. క్లీవ్‌లాండ్‌లో జెర్రీ సిల్వర్ గాయం చుట్టూ ఏర్పడే మచ్చ మీద దశాబ్దాలుగా పనిచేశారు. దరఖాస్తు చేసేటప్పుడు ఈ పేర్లు చూసే ఇక్కడికి రావాలనుకున్నాను.

ఇక్కడ చేరిన రోజే గైడ్ ఉండరు. మొదటి ఏడాది క్లాసులు వింటూనే కొన్ని వారాల చొప్పున వేర్వేరు ల్యాబుల్లో పనిచేయాలి. దాన్ని రొటేషన్ అంటారు. ఆ తర్వాతే ఎవరి దగ్గర చేరాలో మనం, ఎవరిని తీసుకోవాలో వాళ్లు తేల్చుకుంటారు. నేను ఒక రొటేషన్ మెదడు కణాల విద్యుత్ సంకేతాలు కొలిచే ల్యాబ్‌లో చేశాను. పని బాగుంది, మనసు నిలవలేదు. న్యూరోఅనాటమీ క్లాసులో మనిషి వెన్నుపామును మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నాక నా నిర్ణయం అయిపోయింది. పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, మందం సెంటీమీటరుకు అటూఇటూ. మెడ కింద నుంచి కాలి వేళ్ల దాకా ఉన్న స్పర్శ, కదలిక, చెమట, రక్తపోటు, మలమూత్రాల అదుపు అన్నీ ఆ సన్నటి తాడులోంచే పోవాలి.

ఈ రంగం చరిత్రను మాకు ఒకే ప్రశ్న చుట్టూ నేర్పారు: తెగిన నరపోగు మళ్లీ ఎందుకు పెరగదు? మెదడు, వెన్నుపాములలో పెద్దయ్యాక పునరుత్పత్తి ఉండదని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ తేల్చిచెప్పారు. 1980ల మొదట్లో మాంట్రియల్‌లో ఆల్బర్ట్ అగ్వాయో బృందం కాలి నరం ముక్కను వెన్నుపాముకు అతికించి చూసింది. పెరగవనుకున్న పోగులే ఆ ముక్కలోకి సెంటీమీటర్ల కొద్దీ పెరిగాయి. అంటే పెరిగే శక్తి పూర్తిగా పోలేదు, చుట్టూ ఉన్న పరిసరమే అడ్డుపడుతోందన్నమాట. ఆ అడ్డు ఏమిటో వెతుకుతూ జ్యూరిక్‌లో మార్టిన్ ష్వాబ్ బృందం నోగో అనే ప్రొటీన్‌ను పట్టుకుంది. మచ్చలో పేరుకునే కాండ్రాయిటిన్ చక్కెర గొలుసులు కూడా పోగులను ఆపుతాయని సిల్వర్ లాంటివాళ్లు చూపించారు. ఆ గొలుసులను కోసే ఎంజైమును లండన్‌లో ఎలుకలకు ఇస్తే కొంత పనితనం తిరిగొచ్చిందని 2002లో వచ్చిన పేపర్‌ను మేం రెండు క్లాసుల పాటు విప్పి చదివాం. నేను చేరిన ల్యాబ్ గైడ్ ప్రతి పేపర్ చివర అడిగేది ఒకటే: "సరే, పోగులు పెరిగాయి. ఆ ఎలుక నిన్న చేయలేని ఏ పని ఇవాళ చేయగలిగింది?"

ఆపరేషన్ గురించి ఇంటి నుంచి, స్నేహితుల నుంచి ఎక్కువ ప్రశ్నలు వస్తాయి కాబట్టి చెప్తాను. జంతువులపై ప్రయోగాల కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఎలుకను కూడా ముట్టుకోనివ్వరు. ఎన్ని ఎలుకలు కావాలి, అంతకన్నా తక్కువ ఎందుకు సరిపోవు, నొప్పికి ఏ మందు, ఏ స్థితికి వస్తే ప్రయోగం ఆపేసి ప్రాణం తీయాలి, ఇవన్నీ ముందే రాసివ్వాలి. కత్తి పట్టడం చనిపోయిన ఎలుకల మీద నేర్పారు. తర్వాత మత్తులో ఉన్న ఎలుకకు వీపు మధ్యలో తొమ్మిదో లేదా పదో వెన్నుపూస పైకప్పు ఎముకను చిన్న చిన్న ముక్కలుగా తీస్తాం. కింద వెన్నుపాము పొర చెక్కుచెదరకూడదు. తర్వాత యంత్రం సన్నటి కడ్డీతో ముందే నిర్ణయించిన బలంతో ఒక్క దెబ్బ కొడుతుంది. కన్నుమూసి తెరిచేలోపు అయిపోతుంది. బరువును జారవిడిచి వెన్నుపామును గాయపరిచే పద్ధతిని 1911లో అలెన్ అనే డాక్టర్ మొదలుపెట్టారు. తర్వాత న్యూయార్క్‌లో తయారైన యంత్రంలో 10 గ్రాముల కడ్డీని 12.5, 25 లేదా 50 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి వదిలేవాళ్లు. ఇప్పుడు మేం వాడేది బలాన్నే నేరుగా కొలిచే రకం. దెబ్బ అన్ని ఎలుకలకూ ఒకేలా పడకపోతే తర్వాత మందు పనిచేసిందో, దెబ్బే తక్కువ పడిందో తేల్చలేం. అందుకే ప్రతి దెబ్బ గ్రాఫూ దాచిపెడతాం. గ్రాఫ్ తేడాగా ఉంటే ఆ ఎలుకను లెక్కలోంచి తీసేస్తాం. ఆ నియమం కూడా ప్రయోగానికి ముందే కాగితం మీద ఉండాలి.

ఆపరేషన్ నేర్చుకోవడానికి కొన్ని నెలలు చాలు. అసలు శిక్షణ ఎలుక మత్తు దిగాక మొదలవుతుంది.

వెన్నుపాము దెబ్బతిన్న ఎలుక తనంతట తాను మూత్రం పోయలేదు. మూత్రాశయం నిండుతూనే ఉంటుంది, ఖాళీ చేయమని చెప్పే దారి తెగిపోయింది. మనం చేత్తో ఖాళీ చేయకపోతే ఇన్‌ఫెక్షన్ వస్తుంది, మూత్రాశయం చిట్లవచ్చు, ఎలుక చచ్చిపోతుంది. అందుకే రోజుకు రెండుమూడు సార్లు, ఆదివారమైనా పండగైనా మంచు కురుస్తున్నా, ఎవరో ఒకరు వెళ్లాలి. ఎలుకను తువ్వాలులో చుట్టి, బొటనవేలితో, రెండు వేళ్లతో పొట్ట కింది భాగం తడిమితే నిండిన మూత్రాశయం ద్రాక్షపండులా చేతికి తగులుతుంది. మెల్లగా, ఒకే ఒత్తిడితో నొక్కాలి. గట్టిగా నొక్కితే గాయం, మరీ మెల్లగా నొక్కితే అడుగున మిగిలిపోతుంది. ఆడ ఎలుకల్లో మూత్రనాళం పొట్టిగా ఉండి ఈ పని తేలిక కాబట్టి చాలా ల్యాబులు ఆడవాటినే ఎంచుకుంటాయి. పరిశోధన పేపర్లలో ఒక్క వాక్యంలో కనిపించే ఎంపిక వెనుక ఇంత కథ ఉంటుంది.

దీంతోపాటు చర్మం కింద సెలైన్, యాంటీబయాటిక్, నొప్పి మందు, మెత్తటి పరుపు, పైకి లేవకుండా అందేలా గూడు నేల మీదే తిండి. రోజూ బరువు తూచాలి. మూత్రం రంగు, వాసన, రక్తం ఉందా లేదా అన్నీ పుస్తకంలో రాయాలి. ఎలుకల్లో రెండు వారాల ప్రాంతంలో మూత్రాశయం తనంతట తానే కొంత ఖాళీ చేసుకోవడం మొదలుపెడుతుంది. చుంచెలుకల్లో చాలాసార్లు ప్రయోగం చివరిదాకా మనమే నొక్కాలి. మొదటి చలికాలంలో ఈ పని నన్ను బాగా అలసిపోయేలా చేసింది. తెల్లవారకముందే లేచి, చీకట్లో బస్సు ఎక్కి, గ్లౌజులు వేసుకుని కూర్చునేదాన్ని. కానీ ఆ గూళ్ల ముందే ఒక ప్రశ్న నాలో నాటుకుంది. మేం వారాలపాటు కొలిచేదంతా కాళ్ల కదలిక. ఎలుకల ప్రాణం నిలబెడుతున్నది మాత్రం మూత్రాశయం సంరక్షణ. మరి మూత్రాశయాన్ని మేం ఎందుకు కొలవడం లేదు?

ఆ ప్రశ్న వెంట వెళ్లేముందు బీబీబీ గురించి చెప్పాలి. చూడటం ఎలాగో నాకు నేర్పింది అదే. గుండ్రటి పెద్ద తొట్టిలో ఎలుకను వదులుతాం. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని నాలుగు నిమిషాలు చూస్తారు. ఏ ఎలుకకు మందు ఇచ్చారో, దేనికి ఉత్త సెలైన్ ఇచ్చారో ఆ ఇద్దరికీ తెలియకూడదు. కదలికే లేకపోతే 0, మామూలు నడకకు 21. మొదట్లో తుంటి, మోకాలు, చీలమండ కీళ్లలో ఏది కొంచెం కదిలింది, ఏది బాగా కదిలింది అన్నదే లెక్క. 9 దగ్గర పాదం నేల మీద ఆనించి బరువు మోయగలగడం వస్తుంది. 11కు, 12కు తేడా చిన్నదిగా కనిపిస్తుంది. నిజానికి పెద్దది. 11లో వెనక కాళ్లు అడుగులు వేస్తాయి గానీ ముందు కాళ్లతో పొంతన ఉండదు. 12లో అప్పుడప్పుడు పొంతన కుదురుతుంది. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య గాయాన్ని దాటి ఏదో కబురు వెళ్తోందనడానికి అది గుర్తు.

నేర్చుకునే కొత్తల్లో నా పక్కన కూర్చునే సీనియర్ అక్క మార్కు వేశాక ప్రతిసారీ "ఏం చూసి వేశావు?" అని అడిగేది. తమిళమ్మాయి, నాకంటే నాలుగేళ్లు ముందు చేరింది. "బాగా నడుస్తున్నట్టు అనిపించింది" అంటే ఒప్పుకునేది కాదు. ఎడమ పాదం ఎన్ని అడుగులు వేసింది, అందులో ఎన్నింటికి మడమ ఆనింది, తోక లేచి ఉందా, చెప్పాలి. ఆశతో చూసే కంటికి లేని అడుగు కూడా కనిపిస్తుందని, అందుకే నియమాలు ఇంత కఠినంగా పెట్టారని ఆవిడే నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఇంకో సంగతి కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఈ మార్కులు మెట్లు, దూరాలు కావు. 2 నుంచి 3కు, 11 నుంచి 12కు ఉన్న దూరం ఒకటి కాదు. వాటిని మామూలు అంకెల్లా సగటు తీసి గొప్ప ఫలితం అని రాసేస్తే తప్పు దారిన పడతాం.

ప్రయోగం చివర వెన్నుపామును తీసి, గడ్డకట్టించి, పలచటి పొరలుగా కోసి రంగు వేస్తాం. గాయం నడిమధ్యలో ఎంత తెల్ల పదార్థం, అంటే నరపోగులుండే భాగం, మిగిలిందో కొలుస్తాం. ఎలుకల్లో మనుషుల్లాగే గాయం దగ్గర బోలు ఏర్పడుతుంది, చుంచెలుకల్లో ఆ చోటు పీచు కణజాలంతో నిండిపోతుంది. అందుకే ఏ ప్రశ్నకు ఏ జంతువు అన్నది ముందే ఆలోచించాలి. అంచున మిగిలిన కొద్దిపాటి పోగులతోనే కొన్ని ఎలుకలు అడుగులు వేయగలుగుతాయి. మొదటిసారి అది మైక్రోస్కోపులో చూసినప్పుడు నాకు చాలా ధైర్యం కలిగింది. మొత్తం బాగుచేయనక్కర్లేదు, కొంచెం కాపాడినా బతుకు మారుతుంది.

రెండో ఏడాది మా క్లాసుకు వెన్నుపాము గాయాలతో బతుకుతున్న కొందరిని పిలిచారు. వీల్‌చైర్‌లో వచ్చిన ఒకాయన తన రోజు ఎలా గడుస్తుందో గంటసేపు చెప్పారు. అందులో నడక ప్రస్తావన దాదాపు రాలేదు. ఎన్ని గంటలకు కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వేసుకోవాలి, బయటికి వెళ్తే శుభ్రమైన బాత్రూమ్ ఎక్కడ దొరుకుతుంది, జ్వరం వస్తే అది మూత్రం ఇన్‌ఫెక్షనేమోనన్న టెన్షన్, ఇవే. ఆ వారమే మాతో కిమ్ ఆండర్సన్ 2004లో ప్రచురించిన సర్వే చదివించారు. ఆవిడ స్వయంగా వెన్నుపాము గాయంతో బతుకుతున్న శాస్త్రవేత్త. 681 మందిని, మీ జీవితం బాగుపడాలంటే ముందు ఏది తిరిగిరావాలి అని అడిగారు. చేతులు కూడా పోయినవాళ్లు చేతుల పనితనం మొదట పెట్టారు. కాళ్లు మాత్రమే పోయినవాళ్లు దాంపత్య సుఖం మొదట పెట్టారు. మలమూత్రాల అదుపు రెండు గుంపులకూ ముఖ్యమే. నడక ఏ గుంపుకూ మొదటి కోరిక కాలేదు.

నాకు మా ఊరు గుర్తొచ్చింది. మా దగ్గర వెన్ను విరగడమంటే కారు ప్రమాదాల కన్నా ముందు తాటిచెట్టే. మోకు జారో, వానకు మట్ట తడిసో గీత కార్మికులు పడిపోతారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అది నేను చిన్నప్పుడే ఉంటే మా వెనక వీధి మామ బతికి ఉండేవాడేమో. ఆయన పడ్డాక ఆపరేషన్ అయింది, ఇంటికి తెచ్చారు, యూరిన్ పైపు, బ్యాగు పెట్టి పంపారు. ఊళ్లో అందరూ అడిగింది "కాళ్లు ఎప్పుడొస్తయి?" అనే. ఆ పైపు ఎన్నాళ్లకు మార్చాలో, అసలు అదే ఉండాలో లేదో అత్తకు ఎవరూ చెప్పినట్టు లేదు. కొన్నేళ్లకు ఆయన పోయింది కిడ్నీలు పాడై. కాళ్లు పోయినందుకే పోయాడని ఊరంతా అనుకుంది. నేనూ అలాగే అనుకుని పెరిగాను. క్లాసులో కూర్చుని, ఒకప్పుడు వెన్నుపాము గాయమైనవాళ్లలో మరణాలకు పెద్ద కారణం కిడ్నీలు దెబ్బతినడమేనని చదివినప్పుడు ఆ ఇంటి ముందు మంచం కళ్లముందు కదిలింది. మా గైడ్ గదికి వెళ్లి నా థీసిస్ మూత్రాశయం మీద చేస్తానని చెప్పాను. "నిధులు తక్కువ, పేపర్లు మెల్లగా వస్తాయి, ఆలోచించుకో" అన్నారు ఆవిడ. నేను ఆలోచించుకునే వెళ్లాను.

మూత్రం పోయడం ఎంత సున్నితమైన పనో నాకు అప్పటిదాకా తెలియదు. మూత్రాశయం గోడ కండరం బిగుసుకునే క్షణంలోనే కింద మూత కండరం వదులవ్వాలి. ఈ రెంటికీ తాళం కలిపేది మెదడు కాండంలోని పాన్స్ అనే చోటు. 1925లో బారింగ్టన్ పిల్లుల్లో దాన్ని కనిపెట్టారు. వెన్నుపాము దెబ్బతిన్నాక మొదట మూత్రాశయం పూర్తిగా మొద్దుబారుతుంది. కొన్ని వారాల తర్వాత కింది వెన్నుపాములో కొత్త ప్రతిచర్య పుడుతుంది. అంతకుముందు నిద్రాణంగా ఉండే సీ-ఫైబర్లు అనే సన్నటి నరాలు దాన్ని నడిపిస్తాయని పిట్స్‌బర్గ్‌లో విలియం డి గ్రోట్ బృందం చూపించింది. కానీ ఇప్పుడు తాళం కలిపేవాళ్లు లేరు. పైన కండరం నెడుతుంటే కింద మూత కూడా బిగుసుకుంటుంది. లోపల ఒత్తిడి పెరిగి మూత్రం వెనక్కి కిడ్నీల వైపు తన్నుతుంది. గాయం ఛాతీలోని ఆరో వెన్నుపూస మట్టంలో గానీ, పైన గానీ ఉంటే, నిండిన మూత్రాశయం ఒక్కటే రక్తపోటును ప్రాణం మీదికి తెచ్చేంత పెంచగలదు.

దీన్ని కొలవడానికి సిస్టోమెట్రీ నేర్చుకున్నాను. మూత్రాశయం కొనలో సన్నటి గొట్టం కుట్టి, చర్మం కింద నుంచి మెడ వెనక్కి తెస్తాం. మెలకువగా ఉన్న ఎలుకకు మెల్లగా సెలైన్ ఎక్కిస్తూ ఒత్తిడి గీత చూస్తాం. మూత కండరంలో సన్నటి తీగలు పెట్టి దాని విద్యుత్ చప్పుడూ వింటాం. ఆరోగ్యంగా ఉన్న ఎలుకలో మూత కండరం గబగబా తెరుచుకుని మూసుకుంటూ మూత్రాన్ని చిమ్ముతుంది. మనిషిలో అలా జరగదు, అది వదులై ఊరుకుంటుంది. ఈ తేడా చిన్నది కాదు. ఎలుకలో ఆ లయ తిరిగొచ్చిందని మనిషికి మందు దొరికినట్టు రాయకూడదు. క్వాలిఫయింగ్ పరీక్షలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది కూడా ఇక్కడే.

ఆ పరీక్షలో అడిగిన ఇంకో ప్రశ్న, ఎలుకల్లో పనిచేసిన చికిత్సలు తర్వాత ఎందుకు నిలబడడం లేదు అని. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2003లో ఒక కార్యక్రమం మొదలుపెట్టి, పేరు తెచ్చుకున్న వెన్నుపాము ప్రయోగాలను వేరే ల్యాబుల్లో అదే పద్ధతిలో మళ్లీ చేయించింది. 2012లో వాటి లెక్క తీస్తే ఎక్కువ భాగం అదే ఫలితం ఇవ్వలేదు. నాకు ఇది నిరాశ కలిగించే వార్తలా అనిపించదు. ఇలా బయటపెట్టి చెప్పుకోగలిగిన రంగాన్నే రోగులు నమ్మాలి. ఆశ కలిగించినవీ ఉన్నాయి. క్లీవ్‌లాండ్‌లో వెన్నుపాము పూర్తిగా తెగిన ఎలుకలకు నరం ముక్కలు, మచ్చను కోసే ఎంజైము కలిపి ఇస్తే, మెదడు కాండం నుంచి పోగులు పెరిగి మూత్రాశయం పనితనం మెరుగైందని 2013లో ప్రచురించారు. ఆ ఎలుకలు నడవలేదు. అయినా నా దృష్టిలో ఈ రంగంలో వచ్చిన పెద్ద ఫలితాల్లో అదొకటి.

ఇప్పుడు నేను చేస్తున్నది చాలా చిన్న ముక్క: ఆ సీ-ఫైబర్ల కొత్త ప్రతిచర్య పూర్తిగా పాతుకుపోకముందే దాన్ని మళ్లించవచ్చా అని. ఏ ఎలుకకు ఏది ఇచ్చామో చెప్పే జాబితా వేరేవాళ్ల దగ్గర తాళంలో ఉంది. గ్రాఫులన్నీ కొలిచాకే తెరుస్తాం.

ఈ పనిలో ఉన్నానని తెలిసి ఊరి నుంచి, తెలిసినవాళ్ల ద్వారా ఫోన్లు వస్తుంటాయి. దాదాపు అందరూ స్టెమ్ సెల్స్ (మూలకణాలు) గురించే అడుగుతారు. నేను డాక్టర్‌ను కానని ముందే చెప్తాను. 2017లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇచ్చిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాము గాయాలకు మూలకణాలు ఆమోదం ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే వాడాలని, లక్షలు అడిగి ఇంజెక్షన్ ఇస్తామనేవాళ్ల దగ్గరికి పోయి పొలం అమ్ముకోవద్దని బతిమాలతాను. తర్వాత నేను అడుగుతాను: మూత్రం ఎలా పోతోంది? పైపు ఎన్నాళ్లుగా ఉంది? రోజుకు నాలుగైదు సార్లు శుభ్రమైన గొట్టంతో తామే మూత్రం తీసుకునే పద్ధతిని 1972లో మిషిగన్‌లో లాపిడెస్ అనే డాక్టర్ జనంలోకి తెచ్చారు. గొట్టం స్టెరైల్‌గా ఉండాల్సిన పని లేదు, శుభ్రంగా ఉండి వేళకు ఖాళీ చేయడమే ముఖ్యమని ఆయన చూపించారు. దాన్ని నేర్పే చోటు కోసం వెతకమంటాను. చిత్తూరు వైపు వాళ్లకైతే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గరే. ప్రమాదంలో తన కాళ్లు పోయాక వీల్‌చైర్‌లోంచే ఆపరేషన్లు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ అక్కడ 1966లో పునరావాస కేంద్రం మొదలుపెట్టారు. ఎక్కడికి వెళ్లినా మూత్రాశయంలో ఒత్తిడి కొలిచే యూరోడైనమిక్ పరీక్ష, ఏటా కిడ్నీల స్కానింగ్ గురించి యూరాలజిస్టును అడగమని, జ్వరం వస్తే ఆలస్యం చేయొద్దని చెప్తాను. కాగితం మీద రాసుకోమంటాను, వాళ్లు రాసుకున్నది నాకు చదివి వినిపించాకే ఫోన్ పెడతాను.